గాలి చాలని ఇంజను

ఖమ్మం జిల్లా ఆగ్నేయపు అంచున, సత్తుపల్లికి సమీపమున వేంసూరు గలదు. ఇచ్చటినుండి ఏడుగురు మనుష్యులతో ఒక డీజిలు కారు భద్రాచల యాత్రకు బయలుదేరినదనుకొనుడు. గోదావరి వరకు దారి చాలవరకు చదునైనదే కనుక కారు ఏ ఇబ్బందియు లేక పోవును. దైవదర్శనమైన పిమ్మట రాజమహేంద్రవరము పోదలచి, చింతూరు దాటి మారేడుమిల్లి కనుమదారి ఎక్కుట మొదలిడగానే దాని నడక మారిపోవును. పెడలు ఎంత నొక్కినను వేగము రాదు. వెనుక గొట్టమునుండి నల్లని పొగ వెడలును. “బండి లాగడం లేదు” అని డ్రైవరు విసుగుకొనును. కనుమ దిగిన తరువాత కనబడిన మొదటి మెకానిక్కు బానెట్టు ఎత్తి చూచి “టర్బో పోయింది” అని ఒక్క మాటలో తేల్చివేయును.

క్రొత్త టర్బోచార్జరు వెల వేల రూపాయలలో నుండును. అద్దె కారు నడుపుకొని బ్రతుకు మనిషికి అది తేలికగా మోయగల బరువు కాదు. అప్పుచేసి క్రొత్తది బిగించిన తరువాత కూడ కారు ఎప్పటివలెనే నల్లపొగ విడిచినచో ఆ సొమ్ము నీటిపాలైనట్లే. ఇట్లు జరుగుట అరుదేమియు కాదు. ఇంజనుకు గాలి చాలలేదన్నమాట నిజమే. కాని గాలి ఎచ్చట తగ్గినది అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలను వేరుచేసి చూచుట ఎట్లో, నూరేండ్లకు పైబడిన టర్బోచార్జరు చరిత్రను తిరుగవేసినచో తెలియును.

కొలిమితిత్తి - ఇంజను

కమ్మరి కొలిమిలో బొగ్గులెన్ని వేసినను తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడునంత వేడి పుట్టదు. ఇంజను సంగతియు అంతే. ఒక కిలోగ్రాము డీజిలు పూర్తిగా మండుటకు సుమారు పదునాలుగున్నర కిలోగ్రాముల గాలి కావలెను. డీజిలు ఇంజనుకు వాస్తవముగా ఇంతకంటె ఎక్కువ గాలియే అందవలెను. అందనిచో మండని కర్బనము మసియై, నల్లపొగగా బయటికి వచ్చును. సాధారణమైన ఇంజనులో పిస్టను క్రిందికి దిగినపుడు బయటి వాతావరణ పీడనమే గాలిని సిలిండరులోనికి నెట్టును. సిలిండరు పరిమాణము మారదు. ఒకే చోట వాతావరణ పీడనము కూడ ఇంచుమించు మారదు. కనుక ఒక్కొక్క మారు లోనికి పోవు గాలి బరువునకు ఒక హద్దు ఏర్పడుచున్నది. ఆ హద్దు దాటవలెనన్నచో ఇంజనునైనను పెద్దది చేయవలెను, లేదా గాలినైనను దట్టముగా నొక్కి పంపవలెను.

స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ నగరమున జన్మించిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ (1879-1959) ఈ రెండవ మార్గమును ఎన్నుకొనెను. ఇంధనము మండగా పుట్టిన వేడిలో దాదాపు మూడవ వంతు దగ్ధవాయువులతో కలిసి పొగగొట్టము ద్వారా వృథాగా పోవును. ఆ వాయువుల వేగముతో ఒక టర్బైను చక్రమును త్రిప్పి, దాని ఇరుసు రెండవ చివర బిగించిన మరియొక చక్రముచేత క్రొత్తగాలిని నొక్కించి సిలిండరులకు పంపవచ్చునని ఆయన తలంచెను. ఈ ఆలోచనకు 1905 నవంబరు 16 తేదీ గల జర్మను పేటెంటు పొందెను. కాని ఆనాటి లోహములు అంత వేడికి, అంత వేగమునకు చాలినవి కావు. ఆలోచన ఆచరణలోనికి వచ్చుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. 1920 దశకము నడుమ జర్మనీలో నిర్మించిన ‘ప్రాయిసెన్’, ‘హాన్సెస్టాట్ డాన్‌జిగ్’ అను రెండు ప్రయాణికుల ఓడలలో బూచీ పద్ధతి అమర్చగా, 1,750 అశ్వశక్తి గల ఇంజనులు 2,500 అశ్వశక్తిని ఇచ్చినవి.

బూచీ యంత్రములో ఒక విశేషము గలదు. గాలి హెచ్చినచో ఎక్కువ ఇంధనము మండును. ఎక్కువ ఇంధనము మండినచో దగ్ధవాయువులు బలముగా వెడలును. అవి టర్బైనును మరింత వేగముగా త్రిప్పగా గాలి మరల హెచ్చును. ఇది ఒక వలయము. వలయము ముందుకు తిరిగినట్లే వెనుకకును తిరుగును. గాలిగొట్టములో చిన్న చీలిక ఏర్పడినను, డీజిలు వడపోత మూసుకొనిపోయినను, దగ్ధవాయువులు దారిలోనే కారిపోయినను, చివరకు కనబడు ఫలితము ఒక్కటే: లోనికి పోవు గాలి పీడనము తగ్గును. కనుక పీడనమును కొలిచిన మాత్రమున రోగమున్నదని తెలియునే గాని, రోగస్థానము తెలియదు.

పర్వతముపై జరిగిన పరీక్ష

గాలి పీడనమునకు, ఇంజను శక్తికి గల సంబంధమును అందరు నమ్మునట్లు చూపినవాడు అమెరికను ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్. మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానములు ఎత్తునకు పోయినకొలది వాటి ఇంజనులు నీరసించుచుండెను. ఫ్రాన్సులో ఆగస్టు రాటో ఈ లోపమునకు టర్బోచార్జరుతో విరుగుడు వెదకుచుండగా, అమెరికాలో ఆ పని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేయుచున్న మాస్‌కు అప్పగింపబడినది. ఆయన 1918లో లిబర్టీ అను పండ్రెండు సిలిండరుల విమానపు ఇంజనును లారీపై నెక్కించి, కొలరాడో రాష్ట్రములోని పైక్స్ పీక్ అను పర్వతముపైకి చేర్చెను. ఆ శిఖరము ఎత్తు పదునాలుగువేల అడుగులకు మించును.

ఆ ఇంజను పల్లపు ప్రాంతమున 350 అశ్వశక్తి నిచ్చునది. శిఖరముపై టర్బోచార్జరు లేకుండ నడిపినపుడు 230 మాత్రమే ఇచ్చెను. టర్బోచార్జరు తగిలించి నడిపినపుడు 356 ఇచ్చెను. పదునాలుగువేల అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టమునందలి సాంద్రతలో సుమారు మూడింట రెండు వంతులు. 350లో మూడింట రెండు వంతులు లెక్కించినచో సుమారు 233 వచ్చును. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. శక్తి గాలితోపాటు తగ్గినది. గాలి మరల దొరకగానే శక్తియు తిరిగి వచ్చినది.

ఈ ప్రయోగపు బలము అంకెలలోకంటె పద్ధతిలో ఎక్కువగా నున్నది. ఇంజను అదే, స్థలము అదే. రెండు కొలతల నడుమ మారినది టర్బోచార్జరు ఒక్కటే. ఒక్క విషయమును మార్చి, తక్కినవన్నియు యథాతథముగా నుంచి, అదే కొలతను మరల తీయుట అన్న ఈ నియమము పర్వతముపై ఎంత చెల్లినదో, సత్తుపల్లి షెడ్డులోను అంతే చెల్లును. గొట్టము, వడపోత, టర్బో మూడింటిని ఒకేమారు మార్చివేసిన మెకానిక్కు కారును బాగుచేసినను, దేని లోపమో ఎన్నటికిని తెలిసికొనలేడు. తరువాతి బండి వచ్చినపుడు మరల మూడింటిని మార్చవలసినదే.

ఇచ్చట మరియొక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. కారులోని బూస్టు మీటరు సాధారణముగా వాతావరణ పీడనముపై అదనముగా నున్నదానిని మాత్రమే చూపును. వేంసూరు సముద్రమట్టమునకు కొద్ది వందల అడుగుల ఎత్తుననే యుండుటచే అచ్చట వాతావరణ పీడనము చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలోగ్రాము. మీటరు 1 చూపినచో సిలిండరు వద్ద మొత్తము పీడనము 2. మీటరు 0.5కు పడిపోయినపుడు గాలి సగమైనదని తొందరపడరాదు. మొత్తము పీడనము 2 నుండి 1.5కు, అనగా నాలుగవ వంతు మాత్రమే తగ్గినది. చదునైన దారిలో ఈ నాలుగవ వంతు అవసరము పడదు. కనుమ ఎక్కునపుడు పడును. లోపము మారేడుమిల్లి వద్దనే బయటపడుటకు కారణమిదియే.

కావలెననియే తగ్గించిన పీడనము

కారులలో టర్బోచార్జరు 1962లో అమెరికాలో ప్రవేశించినది. ఆ సంవత్సరమున షెవర్లే కంపెనీ కోర్వేర్ మోన్జా స్పైడర్‌ను, ఓల్డ్స్‌మొబిల్ కంపెనీ జెట్‌ఫైర్‌ను అమ్మకమునకు తెచ్చినవి. జెట్‌ఫైర్ కథ పీడన లోపమును వెదకువారికి ఎంతయు ఉపయోగపడును. పెట్రోలు ఇంజనులో గాలిని మితిమీరి నొక్కినచో ఇంధనము వేళకాని వేళ భగ్గున మండి ‘నాక్’ అను చప్పుడుతో పిస్టనులను దెబ్బతీయును. దీనిని నివారించుటకు ఆ కంపెనీ నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ఒక ద్రవమును ఇంజనులోనికి చిమ్మించెను. ఆ ద్రవపు తొట్టి ఖాళీయైనచో ఒక కవాటము దానంతట అదియే మూసుకొని గాలి పీడనమును తగ్గించునట్లు కూడ ఏర్పాటుచేసెను.

కారు కొన్నవారిలో పలువురు ఆ తొట్టి నింపుట మరచిరి. కారు నీరసించినదని ఫిర్యాదు చేసిరి. యంత్రము చెడలేదు, తన్ను తాను కాపాడుకొనుచుండెను. రెండు సంవత్సరములలో సుమారు 9,600 కారులు మాత్రమే తయారైన పిదప జెట్‌ఫైర్ ఆగిపోయినది. 1965లో కంపెనీవారే ముందుకు వచ్చి, కోరిన యజమానుల కారులనుండి టర్బోచార్జరును తీసివేసి మామూలు కార్బురేటరు అమర్చిరి. పీడనము తక్కువైన ప్రతి సందర్భమున యంత్రము విరిగినట్లు కాదని, ఒక్కొక్కప్పుడు యంత్రమే పీడనమును తగ్గించుకొనునని ఈ కథ తెలుపుచున్నది. నేటి కారులలో కంప్యూటరు అదే పని చేయుచున్నది. ఇంజను మితిమీరి వేడెక్కినను, సెన్సారు తప్పు చూపినను, అది పీడనమును తగ్గించి బండిని కుంటినడక నడిపించును. అట్టి సమయమున టర్బోచార్జరును నిందించుట జ్వరమునకు థర్మామీటరును నిందించుట వంటిది.

కాజీపేట షెడ్డు, బొగ్గు రైళ్లు

తెలుగు నేలపై టర్బోచార్జరు కారులకంటె ఎంతో ముందే రైలు పట్టాలమీద నడచినది. 1962లో అమెరికానుండి తెప్పించిన డబ్ల్యు.డి.ఎం.2 తరగతి డీజిలు ఇంజనులు, 1964 నుండి వారణాసిలో తయారైన అదే తరగతి ఇంజనులు, పదునారు సిలిండరులతో 2,600 అశ్వశక్తి గలవి. ప్రతి దానిలోను మనిషి ఎత్తలేనంత పెద్ద టర్బోచార్జరు ఉండెడిది. సింగరేణి బొగ్గు రైళ్ల రాకపోకలు సాగిన మార్గముననే నున్న కాజీపేట డీజిలు షెడ్డు ఈ జాతి ఇంజనులకు పేరుపొందినది.

ఈ తరగతి ఇంజనుల సంరక్షణలో పీడన లోపమును కనిపెట్టుటకు రెండు పరీక్షలు వాడుకలోనికి వచ్చినవి. మొదటిది భారపు పరీక్ష. ఇంజనును షెడ్డులోనే నిలిపి, దాని జనరేటరుకు పెద్ద విద్యున్నిరోధకమును తగిలించి, రైలు లాగుచున్నంత బరువును దానిపై మోపుదురు. బరువు లేనిదే దగ్ధవాయువులు బలముగా వెడలవు. అవి వెడలనిదే టర్బైను తన సత్తువ చూపదు. నిలిచియున్న కారును ఊరక ఎక్సిలరేటరు త్రొక్కి “టర్బో బాగానే ఉంది” అని చెప్పుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

రెండవ పరీక్ష మరింత సులభమైనది. ఇంజనును ఆపివేసి, టర్బో ఇరుసు ఎంతసేపు తనంత తాను తిరుగునో గడియారముతో చూతురు. చక్కని ఇరుసు పలుచని నూనె పొరపై తేలుచు చాలసేపు తిరిగి మెల్లగా నిలుచును. త్వరగా ఆగిపోయినచో బేరింగు పట్టుకొన్నదనియు, చక్రము గోడకు రాచుకొనుచున్నదనియు అనుమానింపవలెను. బొంగరము ముల్లు అరిగినదో లేదో పిల్లలు దాని తిరుగుడు చూచి చెప్పినట్లే ఇదియు. ఈ పరీక్షవలన టర్బోచార్జరును విప్పకయే, లోపము దానిదా లేక వెలుపలిదా అని చాలవరకు తేల్చవచ్చును. చిన్న కారు టర్బోకు ఈ పద్ధతి కుదరదు. ఇంజను చల్లారిన పిదప గాలిగొట్టము ఊడదీసి ఇరుసును వ్రేలితో త్రిప్పి చూడవలెను.

కంప్యూటరు వ్రాసిన చీటీ

1977లో సాబ్ కంపెనీ 99 టర్బో కారును ప్రదర్శించినది. దగ్ధవాయువులలో కొంత భాగమును టర్బైనుకు పోనీయక ప్రక్కదారిన వదలు ‘వేస్టుగేటు’ అను తలుపును ఆ కారు చక్కగా వినియోగించుకొన్నది. ఇంచుమించు అదే కాలమున మెర్సిడెస్ బెంజి కంపెనీ 300 ఎస్.డి. అను టర్బో డీజిలు కారును తెచ్చినది. 1980 దశకారంభమున సాబ్‌వారే ఇంజనులోని ‘నాక్’ చప్పుడును విని పీడనమును సరిదిద్దు ఎలక్ట్రానిక్ సాధనమును ప్రవేశపెట్టిరి. తరువాతి కాలమున డీజిలు కారులలో వేస్టుగేటుకు బదులుగా, టర్బైను చుట్టును కిటికీ రెక్కలవలె తిరుగు చిన్న పలకలు వచ్చినవి. భారతదేశమున కాలుష్య నిబంధనలు క్రమముగా బిగిసి, 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 ప్రమాణము అమలులోనికి వచ్చుసరికి టర్బోచార్జరు లేని డీజిలు కారు అరుదైపోయినది.

నేటి కారులో కంప్యూటరు తాను కోరిన పీడనమును, సెన్సారు చూపిన పీడనమును నిరంతరము పోల్చుచుండును. రెండవది కొంతసేపు తక్కువగానే యున్నచో మీటర్ల పలకపై దీపము వెలిగించి, జ్ఞాపకములో పి 0299 అను సంకేతమును వ్రాసికొనును. స్కానరు తగిలించినవాడు ఈ సంకేతమును చూచి “టర్బో మార్చమని కంప్యూటరే చెప్పింది” అని అనుట తరచుగా వినబడును. అది సరికాదు. ఆ సంకేతమునకు అర్థము ‘కోరినంత పీడనము రాలేదు’ అని మాత్రమే. ఏది మార్చవలెనో అది చెప్పదు.

వెదకవలసిన వరుస

తేలికయైనవి, ఖర్చులేనివి ముందు, ఖరీదైనది చివర. వెదకుటలో ఇదియే వరుస.

మొదట అంకెను పరీక్షింపవలెను. తాళము త్రిప్పి, ఇంజను నడుపకుండ స్కానరులో చూచినచో పీడన సెన్సారు అచ్చటి వాతావరణ పీడనమును, అనగా వేంసూరు వంటి చోట సుమారు 100 కిలోపాస్కల్‌లను చూపవలెను. అప్పుడే 80 చూపుచున్నచో సెన్సారే అబద్ధమాడుచున్నది.

రెండవది పొగ. బరువు మీద నల్లపొగ వచ్చుచున్నచో డీజిలు పడుచున్నది, గాలి చాలుట లేదు. పొగయు లేదు, బలమును లేదన్నచో డీజిలే చాలుట లేదేమో, వడపోత మూసుకొనియుండవచ్చును. అప్పుడు తక్కువ పీడనము కార్యమే గాని కారణము కాదు. నీలిరంగు పొగ నూనె మండుటకు గుర్తు. అయితే భారత్ స్టేజి 6 డీజిలు కారులలో మసిని పట్టు వడపోత యుండుటచే నల్లపొగ బయటికి కనబడకపోవచ్చును. పైగా ఆ వడపోతయే మూసుకొనిపోయి టర్బైనుకు అడ్డుపడవచ్చును.

మూడవది గాలి వడపోత. వేసవిలో మట్టిదారుల దుమ్ము, ప్రత్తి కాలములో నూగు దానిని త్వరగా మూసివేయును.

నాలుగవది గొట్టములు. టర్బోనుండి గాలిని చల్లబరచు ఇంటర్‌కూలరుకు, అచ్చటినుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టములలో చీలికలు, వదులైన క్లిప్పులు పీడన లోపమునకు మిక్కిలి సామాన్యమైన కారణములు. లోపలి నుండి గాలితో కలిసి వచ్చిన నూనె చెమ్మ చీలిక చుట్టును నల్లని మరకగా దుమ్ము పట్టించును. కనుమ ఎక్కునపుడు ‘సుయ్’మను చప్పుడు వినబడును. సైకిలు షాపువాడు ట్యూబును నీటి బేసినులో ముంచి బుడగలు చూచును. ఇచ్చటను అదే ఉపాయము. ఇంజను ఆపి, గొట్టపు మార్గమును మూసి, బూస్టునకు మించని పీడనముతో గాలి నింపి, అతుకులపై సబ్బునీరు పూసినచో కారుచున్న చోట నురుగు లేచును.

ఐదవది వేస్టుగేటు, లేక తిరుగు పలకలు. వీటిని కదిలించు సన్నని శూన్యపు గొట్టము ఎండకు పెళుసై పగులుట కలదు. పలకలు మసిపట్టి కదలకపోవుటయు కలదు. ఆరవది, టర్బైనుకు ముందున్న అతుకులలో దగ్ధవాయువులు కారుట. కారిన చోట మసి చార కనబడును.

ఇవన్నియు చూచిన పిదపనే టర్బోచార్జరు వంతు. అదియు చెడినదే అయినచో, ఎందువలన చెడినదో తెలియకుండ క్రొత్తది బిగింపరాదు. కారు టర్బో ఇరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. నూనె మురికియైనను, తక్కువైనను, దారి మూసుకొన్నను క్రొత్తది కూడ అదే గతి పట్టును. వేడి టర్బైనును, నడుచుచున్న టర్బో గాలినోటిని చేతితో తాకుట ప్రమాదకరమని ప్రత్యేకముగా చెప్పవలెను.

పై వరుసలో మొదటి నాలుగింటిని చూచుటకు ఒక పూటకంటె ఎక్కువ పట్టదు. కనుమలో నిలిచిన కారు లోపము నాలుగవ మెట్టున, ఇంటర్‌కూలరు వద్ద వదులైన క్లిప్పుగా బయటపడినదనుకొనుడు. దానిని బిగించి, తక్కిన దేనిని ముట్టక, అదే బరువుతో అదే ఎత్తు ఎక్కించి మీటరును మరల చూడవలెను. ముల్లు యథాస్థానమునకు వచ్చినచో రోగమును, మందును రెండును రుజువైనట్లే. రానిచో ఐదవ మెట్టునకు పోవలెను. పైక్స్ పీక్ మీద మాస్ రెండు కొలతల నడుమ ఒక్క మార్పే చేసెను. క్లిప్పు బిగించు మెకానిక్కునకును ఆ నియమమే చాలును. ఉపాధ్యాయులు ఒక సైకిలు ట్యూబు, ఒక పంపు, ఒక బేసినెడు నీటితో తరగతిలోనే దీనిని విద్యార్థులచేత చేయించి చూపవచ్చును.